ఎడమ భుజం దిగిన పెద్దమనుషులు

లండన్‌లో దర్జీల వీధి సావిల్ రోలో ఇనాక్ బార్లో అంటే ఇష్టపడేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి, అదేదో తన పనితనానికి దొరికిన బిరుదన్నట్టు మోసుకు తిరిగేవాడు. పెవరెల్ వారి దుకాణంలో అతను పెద్ద కటింగ్ మాస్టరు. సన్నటి మనిషి, పొడుగు ముక్కు, ఆ ముక్కు మీద ఎప్పుడూ కోపం. పొద్దున్నే మెడలో టేపు పడిందంటే ఎవరు ఎదురొచ్చినా వాళ్ళ ఒంట్లో వంకరే కనబడేది. బస్సు కండక్టరుకి గూని. పాలవాడికి దొడ్డికాళ్ళు. చర్చిలో పాదిరీ గారిది కోడి మెడ. పెళ్ళిరోజున పెళ్ళికూతురు డోరిస్ చెయ్యి పట్టుకుని, "నీ కుడి తుంటి కాస్త ఎత్తు. పరవాలేదు, గౌనులో తెలియటం లేదు" అన్నాడట. డోరిస్ ఆ మాట ముప్పయ్యేళ్ళు మనసులో పెట్టుకుంది, బుద్ధి పుట్టినప్పుడల్లా అతని సూపులో ఉప్పు ఎక్కువేసి కసి తీర్చుకుంది.

కోటు విషయంలో బార్లోది మొండి పట్టు. కోటు గుర్రం మీద పుట్టిందనేవాడు. వెనకాల ఆ చీలిక ఎందుకుంది? జీను మీద కూర్చుంటే అంచులు చెరోవైపూ పడటానికి. కింది గుండీ ఎందుకు పెట్టుకోరు? వెనకటికి ఓ రాజుగారికి పొట్ట పెరిగి ఆ గుండీ అందక వదిలేస్తే, ఆయన్ని చూసి దేశంలో బక్కవాళ్ళు కూడా వదిలేశారు. కోటు వేటగాడి ఒంటి మీంచి సిపాయి ఒంటి మీదికి, అక్కణ్ణించి బ్యాంకు గుమాస్తా ఒంటి మీదికి దిగింది, కాబట్టి అది సిపాయిలాగే నిలబడాలి. లోపల గట్టి కాన్వాసు, గుండె మీద గుర్రపు వెంట్రుకల గుడ్డ, భుజాల మీద దిట్టంగా దూది, నడుం దగ్గర బిగింపు. మనిషి కోటు తొడుక్కోకూడదు, కోటే మనిషిని తొడుక్కోవాలి అనేది అతని సిద్ధాంతం. వినేవాళ్ళు లేకపోతే గోడకి చెప్పేవాడు.

ఈ సిద్ధాంతానికి శత్రువు పక్క బల్ల దగ్గరే ఉండేవాడు. రెజ్ మ్యాగ్స్, రెండో కటింగ్ మాస్టరు. గుండ్రటి మొహం, నవ్వు మొహం, లోపల మాత్రం నిలువెల్లా కడుపుమంట. మ్యాగ్స్‌ది మెత్తటి కోటు. అదీ సిపాయిల దగ్గర్నుంచే వచ్చింది గానీ, రాజుగారి కాపలా దళం అధికారులు నడుముకి బెల్టు బిగించే పెద్ద కోట్ల నుంచి వచ్చింది. గుండె మీద గుడ్డ కాస్త వదులుగా జారుతుంది, భుజం భుజంలాగే ఉంటుంది. ఈ ఇద్దరూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుగులో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గుడ్డ కోశారు.

"మీ కోటు తొడుక్కున్నవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడు మిస్టర్ బార్లో? బయటికెళ్ళి తీసుకుని రావాలా?" అనేవాడు మ్యాగ్స్.

"నీ కోటు తొడుక్కున్నవాడు మంచం మీంచి దుప్పటితో సహా లేచొచ్చినట్టుంటాడు. వాడికి ఊపిరి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అనేవాడు బార్లో.

దుకాణం యజమాని పెవరెల్ గారికి ఈ గొడవ ఏదీ తలకెక్కేది కాదు. తాత పేరు బోర్డు మీద ఉంది, ఆయన దాని కింద కూర్చునేవాడు. ఇద్దరు మాస్టర్లకీ ఖాతాదారులున్నారు, అది చాలు.

కొలతలు తీసేటప్పుడు మా వీధిలో ఒక పద్ధతి ఉంది. మాస్టరు టేపు పట్టి అంకెలు పైకి చదువుతాడు, ఇంకొకరు రాసుకుంటారు. అంకెల మధ్యలో ఒంటి అవకరాలు కూడా చదవాలి, కానీ పెద్దమనిషి వింటుంటే "మీకు గూని" అనలేం కదా. అందుకని ఒక్కో అవకరానికి ఒక్కో అక్షరం. పొట్టకి ఒకటి, గూనికి ఒకటి, కుడి భుజం దిగితే ఒకటి, ఎడమ దిగితే ఒకటి. ప్రభువులూ, జడ్జీలూ అద్దం ముందు గడ్డం ఎత్తుకుని నిలబడి, తమ సిగ్గు తమ చెవిలోనే చదువుతుంటే తెలియక తల ఊపేవాళ్ళు. బార్లోకి రోజు మొత్తం మీద సంతోషం కలిగేది ఆ కాసేపే. భుజాలు చూడటానికి మనిషి వెనక నిలబడి, రెండు అరచేతులూ రెండు భుజాల మీద బల్లపరుపుగా ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. తన చేతులు తక్కెడలాంటివని, అవి అబద్ధం చెప్పవని అతని గర్వం.

ఆ యేడాది వసంతం నుంచి బార్లో కోసిన కోట్లు వెనక్కి రావటం మొదలుపెట్టాయి. ముందు ఓ కర్నలు, తరవాత ఓ బిషప్పు, ఆ తరవాత ఓడల కంపెనీ ఆయన. అందరిదీ ఒకే మాట. ఎడమ భుజం మీద పిల్లి ఎక్కి కూర్చున్నట్టు ఎత్తుగా ఉంది, కాలరు మెడని వదిలి పక్కకి జారుతోంది. బార్లో ప్రతి కోటూ తిప్పి చూశాడు. వీళ్ళ ఎడమ భుజాలు దిగి ఉన్నాయని తన చేతులే చెప్పాయి, ఆ లోటు పూడ్చటానికే ఎడమవైపు దూది పెట్టించాడు. మరి తప్పెక్కడ? కోతలో తప్పుండదు, అది తన చెయ్యి. అంటే కుట్టులో ఉండాలి.

కుట్టేది కింద, నేలమాళిగలో. అతని కోట్లు కుట్టేది కోస్టస్ అనే సైప్రస్ మనిషి. ఆ బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని ఎన్నో ఏళ్ళుగా బార్లో కోసిన గుడ్డకి ప్రాణం పోసినవాడు. కుడుతూ ఈల వేసే అలవాటుంది, ఆ ఈల మెట్లెక్కి పైకి వస్తుందని బార్లోకి ఒళ్ళు మంట. ఒక శనివారం దుకాణాలు కట్టేశాక, వీధి చివర పబ్బులో దర్జీలంతా బీరు గ్లాసులు పట్టుకుని నిలబడ్డ వేళ, బార్లో బిషప్పుగారి కోటు చంకన పెట్టుకొచ్చి అందరికీ ఎత్తి చూపించాడు.

"చూడండయ్యా! ఎడమ భుజం చూడండి. మా కోస్టస్ గారి చేతి చలవ. ఈలలు వేసుకుంటూ కుడితే కోటు ఇలాగే డాన్సు చేస్తుంది."

కోస్టస్ గ్లాసు కింద పెట్టాడు. "గుర్తులు మీరు పెట్టారు మిస్టర్ బార్లో. సుద్దగీత ఎక్కడుందో నా సూది అక్కడే నడిచింది."

"నా గీత తిన్నగానే ఉంది. నీ సూదికే కళ్ళు పోయాయి."

మా వీధిలో పెద్ద మాస్టరు నలుగురిలో ఒక దర్జీని ఆ మాట అన్నాడంటే, ఆ దర్జీకి ఏ నేలమాళిగలోనూ బల్ల దొరకదు. పెవరెల్ గారు సోమవారమే కోస్టస్‌ని పంపించేశాడు. అంత చేతి పనివాడు కామ్డెన్ పేటలో ఒక రేకుల షెడ్డులో చేరి, మిషను మీద వానకోట్లు కుట్టుకుంటున్నాడని తెలిసింది. బార్లో అయ్యో అనలేదు. పైగా ఇప్పుడు పని ప్రశాంతంగా సాగుతోంది అన్నాడు. అతన్ని తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది, చూసినవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో అనుకోండి.

కొత్త దర్జీ వచ్చాడు. కోట్లు వెనక్కి వస్తూనే ఉన్నాయి.

"ఏమిటో మిస్టర్ బార్లో," అన్నాడు మ్యాగ్స్ ఒకరోజు గుడ్డ మీంచి తల ఎత్తకుండా, "రాసే చెయ్యి కుడిది గనక మామూలుగా మగవాళ్ళకి కుడి భుజం దిగుతుంది. మీ ఖాతాదారులందరికీ ఎడమది దిగింది. లండన్‌లో పెద్దమనుషులకే అంటుకునే జబ్బేమైనా వచ్చిందంటారా?"

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటున్నా. కాస్త దూరంగా కూర్చుంటే మంచిదేమోనని. నాకూ అంటుకుంటుందేమో."

ఇలా ఉండగా పెవరెల్ గారి కన్ను బార్లో మోచేతుల మీద పడింది. దుకాణం ముందుగదిలో తిరిగేవాళ్ళు దుకాణం కోటే వేసుకోవాలి, బార్లో కోటు మోచేతుల దగ్గర నిగనిగలాడిపోతోంది. "కొత్తది కుట్టించుకోండి బార్లో. ఖాతాదారులు చూస్తున్నారు" అన్నాడు. మామూలు మాటే. బార్లోకి మాత్రం అది పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఎందుకంటే ఏ మాస్టరూ తన కోటు తాను కోసుకోలేడు. టేపు పట్టుకోవటానికి చెయ్యెత్తితేనే భుజం కదులుతుంది, తల వంచి చూస్తే వీపు వంగుతుంది, కొలత అబద్ధం అవుతుంది. పెద్ద మాస్టరు కోటు రెండో మాస్టరే కొయ్యాలని పెవరెల్ గారి తాత నాటి నియమం. పాత కోటు కోసిన రెండో మాస్టరు పోయి చాలా కాలమైంది. ఇప్పుడున్నది మ్యాగ్స్.

కొలతల రోజున బార్లో మూడు అద్దాల మధ్య చొక్కాతో నిలబడ్డాడు. పెవరెల్ గారు సరదాగా రాసుకోవటానికి తానే కూర్చున్నాడు. మ్యాగ్స్ టేపు తీసి, ప్రతి అంకెనీ గంట కొట్టినట్టు చదివాడు. ఛాతీ. నడుము. చెయ్యి. బార్లో అన్నీ వింటున్నాడు. అక్షరాలు అర్థం కాని ఖాతాదారుల్ని ఎంతమందినో చూశాడు, అన్నీ అర్థమయ్యే ఖాతాదారు తానే మొదటివాడు. "వీపు" అని మ్యాగ్స్ గూనికుండే అక్షరం చదివాడు. బార్లో పళ్ళు బిగపట్టాడు. బల్ల మీద వంగి బతికినవాడికి ఆ మాత్రం వీపు ఉంటుంది. తరవాత మ్యాగ్స్ వెనక్కి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. టేపు ఒకటికి రెండుసార్లు పెట్టి, ఈసారి అక్షరం చాటు లేకుండా పైకే చదివాడు.

"కుడి భుజం, దిగుడు. ముప్పావు అంగుళం."

"అబద్ధం!" బార్లో గిర్రున తిరిగాడు. "పాత కొలతల్లో నాకు అలాంటిదేం లేదు."

"పాత కొలతలప్పుడు మీకు నడివయసు. అప్పట్నుంచి రోజూ కుడిచేత్తో అంత బరువు కత్తెర ఎత్తారు. నిజంగానే దిగింది మిస్టర్ బార్లో. పాత కోటులో దూది ఇన్నాళ్ళూ కాపాడింది."

"నీకు నా కుర్చీ కావాలి. అందుకని నన్ను అవిటివాణ్ణి చేస్తున్నావు."

"కుర్చీ కావాలి, కాదనను. దానికి మీ భుజాన్ని నేనెందుకు దించాలి? అదే దిగింది."

పెవరెల్ గారు పెన్సిలు పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఏమైనా రాయాలా, వద్దా అని అడిగాడు. మ్యాగ్స్ రాయమన్నాడు.

ట్రయలు రోజు వచ్చింది. కచ్చా కుట్టు మీదున్న కోటు, తెల్ల దారాలన్నీ బయటికే కనిపిస్తూ, మ్యాగ్స్ చేతి మీద వేలాడుతోంది. ఇక్కడ మ్యాగ్స్ ఒక పని చేశాడు. దర్జీలోకంలో అంతకంటే పెద్ద పగ లేదు. కుడి భుజంలో దూది పెట్టలేదు. ఎడమవైపు తగ్గించలేదు. ఏ లోటూ కప్పలేదు. ఒళ్ళు ఎలా ఉందో గుడ్డ అలాగే కోశాడు. మన పనంతా అబద్ధం చెప్పటమే, అందంగా చెప్పటం. అతను బార్లోకి ఒక్క అబద్ధం కూడా దానం చెయ్యలేదు.

బార్లో తొడుక్కున్నాడు. అద్దంలో ముందువైపు, పక్కవైపు, వీపు. కాలరు మెడకి అంటుకుని ఉంది, ఎక్కడా ఒక్క ముడత లేదు. ఆ మచ్చలేని గుడ్డలో కుడివైపు ఒరిగిన ముసలివాడొకడు నిలబడి ఉన్నాడు. బార్లో తల తిన్నగా పెట్టుకున్నాననుకున్నాడు. అద్దంలోవాడి తల ఒరిగే ఉంది.

"ఒకసారి," అన్నాడు మ్యాగ్స్, ఈసారి వెటకారం లేకుండా, "పెవరెల్ గారి భుజాల మీద చేతులు పెట్టండి. ఎప్పుడూ పెట్టినట్టే. కళ్ళు మూసుకుని."

బార్లో పెట్టాడు. "ఎడమ దిగింది" అనబోయాడు. కళ్ళు తెరిచి అద్దంలో చూశాడు. పెవరెల్ గారి భుజాలు బల్లపరుపుగా ఉన్నాయి. కిందికి దిగి ఉన్నది తన కుడి భుజం. తన కుడిపక్క దిగిపోతే ఎదుటివాడి కుడిపక్క ఎత్తుగా, ఎడమ పల్లంగా తోస్తుంది. తక్కెడలో ఓ పళ్ళెం వంగితే సంతలో ప్రతి సరుకూ తేడాగానే తూగుతుంది. కర్నలూ, బిషప్పూ, ఓడలాయనా అందరూ తిన్నగానే ఉన్నారు. కోస్టస్ సూది కూడా తిన్నగానే నడిచింది.

"నీకు ముందే తెలుసు" అన్నాడు బార్లో నెమ్మదిగా.

"అనుమానం. మీ భుజాన టేపు పెట్టకుండా ఎవరికి చెప్పను? చెప్తే మీరు ఊరుకునేవారా?"

"కోస్టస్ పోతుంటే నోరు మూసుకుని చూశావు."

"చూశాను. మీరు గెంటారు, నేను చూశాను. ఎవరి పాపం వాళ్ళకుంది."

పెవరెల్ గారు గొంతు సవరించుకున్నాడు. ఆయనకి అర్థమైంది ఒక్కటే, కోటు ఒరిగి కనిపిస్తోంది. "మిస్టర్ బార్లో, ఈ కోటు చెడిపోయినట్టేనా? మీరు చెప్పండి. పెద్ద మాస్టరు మీరు."

ఇదీ అసలు ఘడియ. చెడిపోయింది అని ఒక్క మాట అంటే చాలు. కోటు వంకరగా ఉందని యజమాని కళ్ళారా చూస్తున్నాడు. మ్యాగ్స్ ఆ సాయంత్రానికి వీధిన పడతాడు, కోస్టస్ పోయినట్టే పోతాడు. బార్లో కుర్చీ బార్లోదే. మ్యాగ్స్ మొహంలో నెత్తురు లేదు. అంత దూరం ఆలోచించలేదు కాబోలు, తన పగ తన మెడకే చుట్టుకుందని అప్పుడే తెలిసినట్టుంది.

బార్లో కోటు అంచు పట్టుకుని చూశాడు. చంక దగ్గర వేలు పెట్టి చూశాడు. కాలరు కింద చెయ్యి జార్చాడు. తప్పు దొరకాలని మనస్ఫూర్తిగా వెతికాడు, దొరకలేదు. మ్యాగ్స్ మీద ఉన్న అసహ్యం అంగుళం తగ్గలేదు. కానీ మంచి కోటుని చెడ్డదనటానికి అతని నోరు తిరగలేదు. అబద్ధం కోటులో పెట్టగలడు, కోటు మీద ఆడలేడు.

"కోటు బాగుంది," అన్నాడు. "మనిషే వంకర."

పెవరెల్ గారికి ఆ మాట అర్థం కావటానికి కొంచెంసేపు పట్టింది. అయ్యాక ఆలస్యం చెయ్యలేదు. వారం తిరిగేసరికి పెద్ద బల్ల మ్యాగ్స్‌కి వచ్చింది, బార్లోని ప్యాంట్లు కొయ్యటానికి వెనకగదిలోకి మార్చారు. ప్యాంట్లకి భుజాలుండవు కదా అని కిందవాళ్ళు కడుపుబ్బ నవ్వుకున్నారు. బార్లో మీద జాలిపడ్డవాడు లేడు, జాలిపడితే అతను ఊరుకునేవాడూ కాదు.

కోస్టస్‌ని వెనక్కి రమ్మని పెవరెల్ గారు మనిషిచేత కబురు పంపాడు. కోస్టస్ రాలేదు. బార్లోకి పశ్చాత్తాపం లాంటి మెత్తటి వస్తువుల అలవాటు లేదు. తన నోటితో వచ్చిన తీర్పు తప్పని తెలిసీ అది వీధిలో అలా తిరుగుతుండటం, అదే అతనికి పడలేదు. చివరికి ఒకరోజు కామ్డెన్ వెళ్ళి, కోస్టస్ పనిచేసే షెడ్డు తలుపు తట్టాడు.

కోస్టస్ తలుపు సగమే తీశాడు. లోపల్నుంచి కాఫీ వాసన, మిషను నూనె వాసన కలిసి వచ్చాయి. లోపలికి రమ్మనలేదు.

"నీ బల్ల నీకు తిరిగి ఇస్తారు" అన్నాడు బార్లో. "రావచ్చు."

"రావచ్చా? ఎంత దయ! ఏం, మీ కొత్తవాడికి ఈల రాదా?"

"కుట్టు తిన్నగానే ఉంది. నా కొలతే తప్పు."

"ఎవరితో చెప్తున్నావు?" కోస్టస్ గొంతు మారింది. ఇన్నేళ్ళలో మొదటిసారి మీరు పోయి నువ్వు వచ్చింది. "నాతోనా? నా కుట్టు సంగతి నాకు తెలియదా? నువ్వు చెప్తే తెలుసుకోవాలా? నన్ను గదిలోకి పిలిచి తిట్టావా నువ్వు? పబ్బులో తిట్టావు. బిషప్పు కోటు జెండాలాగ ఎత్తి పట్టుకుని తిట్టావు. ఎక్కడన్నావో అక్కడ చెప్పు. ఎంతమంది వింటుంటే అన్నావో అంతమందీ వినాలి. అప్పుడు ఆలోచిస్తా."

"నేను..."

"వెళ్ళు. వానకోట్లున్నాయి నాకు."

తలుపు మూసుకుంది.

శనివారం దుకాణాలు కట్టేశారు. పబ్బు కిటకిటలాడుతోంది. అన్ని నేలమాళిగల దర్జీలూ, మాస్టర్లూ ఉన్నారు. గుమ్మం పక్కన మ్యాగ్స్ కొత్త హోదాలో నలుగురికీ బీరు ఇప్పిస్తున్నాడు. బార్లో ఆ కొత్త కోటే తొడుక్కుని వచ్చాడు. దూది లేని ఆ భుజంతో వీధంతా నడిచి వచ్చాడు. అతన్ని చూసి మాటలు తగ్గాయి, ఎవరో కిసుక్కుమన్నారు. బార్లో వస్తాడో రాడో చూద్దామని కోస్టస్ ముందే వచ్చి లోపలి మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

బార్లో కౌంటరుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ నోరు ఎందరి అవకరాలో చదివింది. ఇప్పుడు తన ఒంటినే కొలత చదివినట్టు చదివింది.

"కుడి భుజం, దిగుడు. ముప్పావు అంగుళం. నాదే. బిషప్పుగారి కోటు చెడగొట్టింది నేను. కోస్టస్ కుట్టులో తప్పు లేదు."

మ్యాగ్స్ గ్లాసులోకి చూస్తున్నాడు. బార్లో టోపీ అందుకోబోయాడు. అప్పుడు మూలనుంచి కోస్టస్ గొంతు వినబడింది.

"గట్టిగా చెప్పు. తలుపు దగ్గరున్నవాళ్ళకి వినబడలేదు."

ఇనాక్ బార్లో టోపీ వదిలేసి, తలుపు వైపు తిరిగి, మొదట్నుంచీ మళ్ళీ చెప్పాడు.